గండికోటకు ఇంకో ఊరి పేరెందుకు

"తాజ్‌మహల్ చూసొచ్చినోళ్ళకు ఈ ఎండలో ఈ రాళ్ళేం చూపిస్తావమ్మా?"

నా ఉద్యోగంలో ఈ మాట ఎంతమంది నోట విన్నానో. మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. తర్వాత కోపం వచ్చేది. పోను పోను నాకు ఒకటే జవాబు మిగిలింది: "దిగి చూడండి. నచ్చకపోతే వచ్చి బస్సులో కూర్చోండి, ఏసీ వేసే ఉంటాది." ఇప్పుడు కొత్తగా గైడులుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, మేడం, మీరు ఏం చెప్పేవాళ్ళు, ఎట్ల చెప్పేవాళ్ళు అని అడుగుతుంటారు. నేను చెప్పినవన్నీ మీకు ఫోన్లలోనే దొరుకుతాయి. ఏది చెప్పనని మొండికేసినానో, అది మాత్రం నేనే చెప్పాల.

కర్నూలు బస్టాండు దగ్గర ఒక మేడమీద ఉండేది మా టూర్ల కంపెనీ. ప్రైవేటుది. మేనేజరు కుర్చీ వెనక గోడ నిండా తాజ్‌మహల్ బొమ్మ. ఆగ్రాకు మాకు బస్సే లేదు. మెట్లెక్కి వచ్చినోళ్ళు ఆ బొమ్మ చూసి ఆగ్రాకు ఎంత అని అడిగేవాళ్ళు, మేము శ్రీశైలం టికెట్టు కోసి పంపేవాళ్ళం. దేశమంటే తాజ్‌మహల్, మా జిల్లా అంటే శ్రీశైలం. మా మేనేజరు లెక్కలో మధ్యలో ఇంకేమీ లేదు.

శ్రీశైలం బస్సుకు శానా ఏండ్లు నేనే గైడును. నేను నందికొట్కూరు దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. మాది చర్చికి పోయే కుటుంబం. మా తాత కాలానికే మా పేటలో రాతిగోడల చర్చి ఉండేదంట. ఉగాదికి ముందు కన్నడదేశం నుంచి శ్రీశైలానికి నడిచిపోయే జనం మా ఊరి రోడ్డు మీదుగానే పోయేవాళ్ళు. కాళ్ళు బొబ్బలెక్కి, భుజాన కంబళ్ళు వేసుకుని, పాడుకుంటా పోయేవాళ్ళు. మా అమ్మ వాకిట్లో కడవ పెట్టి అందరికీ నీళ్ళు పోసేది. మల్లన్న సంగతులు నేను చదివి నేర్చుకోలేదు. నీళ్ళు తాగి మా అరుగు మీద అలుపు తీర్చుకునే ముసలోళ్ళ దగ్గర విన్నాను. మైకు పట్టుకుంటే అవన్నీ వాటంతటవే వచ్చేవి.

ఒకసారి ఘాటు దిగి వస్తుంటే ఒకాయన, బాగా చెప్పినావమ్మా, నీ పేరేమి అని అడిగినాడు. చెప్పినాను. ఆయన మొహం మారిపోయింది. మర్నాడు ఆఫీసుకు ఫోను చేసి, గుడి గురించి చెప్పేదానికి మీకు ఇంకెవరూ దొరకలేదా అన్నాడంట. మేనేజరు నన్ను పిలిచి, నా మనసులో ఏమీ లేదమ్మా, కస్టమర్ల మాట మనం కాదనలేము గదా అన్నాడు. ఆ వారమే నన్ను శ్రీశైలం బస్సు నుంచి దింపి ఆదివారం బస్సు ఎక్కించినాడు.

ఆదివారం బస్సంటే ఆఫీసులో అందరికీ నవ్వులాట. యాగంటి, బెలూం గుహలు, గండికోట తిరిగి రాత్రికి కర్నూలు చేరే బస్సు. సగం సీట్లు ఎప్పుడూ ఖాళీ. రెండు నెలలకో మూడు నెలలకో ఎట్లాగూ నిలిపేస్తారు, అంతవరకు ఈమెను దాంట్లో తిప్పితే సరిపోతుంది అనుకున్నారు. నాతోపాటు ఆ బస్సుకు పడిన డ్రైవరు కర్నూలు పాతబస్తీ ఆయన. నాకంటే పెద్ద, నేను అన్నా అనేదాన్ని. నేను మైకులో విసుగు లేకుండా చెప్తానని ఆయన నన్ను టీచరమ్మా అని పిలిచేవాడు. పై అధికారితో ఏదో మాట పట్టింపు వచ్చి ఆయన్నూ ఆ బస్సుకు తోసినారు. "ఇద్దరం గడ్డకు కొట్టుకొచ్చినోళ్ళమే గదా టీచరమ్మా, ఇంగ భయమేంది?" అన్నాడు మొదటి రోజు తాళం తిప్పుతా.

కంపెనీ నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. గండికోట దగ్గర బస్సు ఆపి ఇది చదవాల: 'ఇది భారతదేశపు గ్రాండ్ కేనియన్.' అమెరికాలో ఆ పేరుతో పెద్ద లోయ ఉండాది, దాని తోక పట్టుకుంటేనే మనది అమ్ముడుపోతుందని మేనేజరు వాదం. మొదటి ఆదివారం అట్లే చదివినాను. బస్సులో ఒక పెద్దామె, ఆ అమెరికా లోయ నువ్వు చూసినావా తల్లీ అని అడిగింది. లేదవ్వా అన్నాను. మేమూ చూడలేదు, మరి దాంతో పోలిస్తే మాకేం తెలుస్తాది అనింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. మళ్ళీ తీయలేదు.

ఆ మొదటి ఆదివారమే ఇంకో దెబ్బ తిన్నాను. కంపెనీ వేసిన వరస ప్రకారం కోటకు మిట్టమధ్యాహ్నం చేరినాము. వేసవి. ఎర్రరాళ్ళు పెనం మాదిరి కాగి ఉన్నాయి. పాత ధాన్యపు కొట్టు దగ్గర ఒక పెద్దాయన కళ్ళు తిరిగి కూలబడినాడు. గండికోటలో కోటగోడ లోపలే ఊరుంది, ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటారు. ఆ కేకలకు ఒక ఇంట్లో నుంచి ఒకామె చెంబుతో పరుగెత్తుకొచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది, దవడలో ఆకువక్క. పెద్దాయన మొహాన నీళ్ళు కొట్టి, తల ఒళ్ళో పెట్టుకుని, ఉప్పేసిన మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించింది. ఆయన తేరుకున్నాక నావైపు తిరిగింది.

"మిట్టమధ్యాన్నం ఈ రాళ్ళ మీద మనుషుల్ని తిప్పుతాండావే, నీకేమన్నా బుద్ధుండాదా?"

మరుసటి వారం నుంచి నేనూ డ్రైవరన్నా కలిసి వరస తిరగేసినాము. పొద్దున యాగంటి, మధ్యాహ్నం గుహలు, పొద్దు వాలేటప్పుడు కోట. గుహల్లోనూ ఉక్కపోస్తాది గానీ నెత్తి కాలదు. ఆఫీసుకు చెప్పలేదు. అడిగినోళ్ళూ లేరు.

ఆమెను అందరం పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. మొగుడు పోయినాడు. కొడుకు ఎర్రగుంట్లలో సిమెంటు లారీలకు లోడింగు పనికి పోయేవాడు, వారానికోసారి వచ్చేవాడు. మేము కోటకు చేరే పొద్దుకు ఆమె వాకిట్లో పొయ్యి మీద జొన్న రొట్టెలు కాలుస్తుండేది. ఆ వాసనకు ఒక ఆదివారం బస్సులో వాళ్ళు ఆగిపోయి, అమ్మా మాకూ పెడతావా అన్నారు. పిండి ఉన్నంతవరకు పెట్టింది. రోట్లో నూరిన శెనక్కాయల ఊరుబిండి, పచ్చి ఉల్లిగడ్డ. ఆ తర్వాతి వారం చుట్టుపక్కల ఇండ్ల ఆడోళ్ళు కూడా పొయ్యిలు ముట్టించినారు. ఒకామె మజ్జిగ, ఒకామె వంకాయ పులుసు.

అప్పటినుంచి మా బస్సు నడక మారింది. జనం లోయ అంచున నిలబడి ఫోటో తీసుకుని తిరిగిపోవడం మానేసినారు. మసీదు చూసి, మాధవరాయని గుడి చూసి, ఈ రెండింటి మధ్య సందుల్లో నడిచి, పెద్దమ్మ వాకిట్లో కూర్చుని రొట్టె తిని, అప్పుడు లోయ దగ్గరికి పోయేవాళ్ళు. కింద పెన్నేరు మలుపు తిరిగిన చోట నీళ్ళు ఎర్రబడి, చీకటి అడుగు నుంచి పైకి ఎక్కుతుంటే నేను మైకు ఆపేసేదాన్ని. ఎవరికి వాళ్ళు చూసుకునేవాళ్ళు. దిగేటప్పుడు, మా తమ్ముణ్ణి పంపిస్తాం, మా బ్యాంకోళ్ళను పంపిస్తాం అనేవాళ్ళు. పంపించినారు కూడా. ఖాళీ సీట్లు తగ్గుతా వచ్చినాయి. ఆఫీసులో నవ్వడం తగ్గింది.

అప్పుడు ఢిల్లీ, హైదరాబాదుల నుంచి ట్రావెల్ ఏజెంట్లు కొంతమంది వస్తున్నారని కబురొచ్చింది. తాజ్‌మహల్ చూసినోళ్ళు ఇంకా ఏముంది మీ దేశంలో అని అడుగుతున్నారంట, అందుకని పేరు లేని చోట్లు వెతుక్కుంటా తిరుగుతున్నారంట. వాళ్ళకు నచ్చితే ఏడాది పొడుగునా జనాన్ని పంపుతారు. మేనేజరు కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. నన్ను పిలిచి, నువ్వే రావాలమ్మా, నీకు హిందీ వచ్చు గదా అన్నాడు. ఆ హిందీ డ్రైవరన్న పక్కన కూర్చుని నేర్చుకున్న కర్నూలు ఉర్దూ. చెప్తే బాగుండదని చెప్పలేదు. కాగితంలో ఉన్నదే చదవమన్నాడు. సరే చూద్దాం సార్ అన్నాను.

ఏజెంట్లు వచ్చిన పొద్దు మేము భోజనాల వేళకే కోట వాకిలి దగ్గరికి చేరేసరికి మేనేజరు కారులో ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. లోయ పక్కన షామియానా, తెల్లగుడ్డ పరిచిన బల్లలు, టౌను హోటలు నుంచి తెప్పించిన భోజనాలు. నేను ఏజెంట్లను బస్సులోనే ఉండమని చెప్పి, పెద్దమ్మకు ఇంతమంది వచ్చినారని చెబుదామని ముందుగా ఊర్లోకి పోయినాను. వీధి ఊడ్చిపెట్టినట్టు ఉంది. పొయ్యి లేదు, మేక లేదు, మనిషి లేదు. పెద్దమ్మ తలుపుకు గొళ్ళెం. పొయ్యిరాళ్ళు ఎవరో పీకి గోడవారకు విసిరేసినారు.

ఒక ఇంట్లో నుంచి ఒక కోడలుపిల్ల తలుపు సందులో నుంచే చెప్పింది. ముందురోజు మేనేజరు ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చినాడంట. పెద్దోళ్ళు వస్తాండారు, ఈ పొగలు, ఈ మేకలు, ఈ చింపిరి బతుకులు వాళ్ళ కండ్లబడగూడదు, వాళ్ళు పోయేదాకా ఎవరూ వాకిట్లో కనపడొద్దు అన్నాడంట. పెద్దమ్మ ఎదురు మాట్లాడితే పొయ్యి పీకించినాడంట. ఆమె రాత్రి ఇంట్లో పండుకుని, తెల్లారగానే గొళ్ళెం పెట్టి కోట బయటికి పోయిందంట.

బయటి గోడ నీడలో దొరికింది. ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"నువ్వు పిల్చుకొచ్చినోళ్ళు గదా," అనింది. "నేను నా ఇంట్లో ఉండాల్నా, వద్దా? నువ్వే చెప్పు."

ఒకప్పుడు నా పేరు విని నన్ను బస్సు దింపినారు. ఆ పొద్దు నేను గమ్మునే దిగినాను. ఇంట్లో పిల్లల చదువులుండాయి, దిగక ఏం చేస్తాను. ఇప్పుడు ఆమె వాకిట్లో నుంచి ఆమెను లేపినారు. రెండోసారి గమ్మునుంటే ఇంక నేను మైకు పట్టేదానికి అర్థమేముంది?

వాకిలి దగ్గరికి వచ్చి మేనేజరుతో చెప్పినాను. ఆమె వచ్చి తన వాకిట్లో కూర్చునేదాకా నేను ఒక్క మాట కూడా చెప్పను సార్ అన్నాను. ఆయన మొదట అర్థం కానట్టు చూసినాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇప్పుడా ఇదంతా, సాయంత్రం మాట్లాడుకుందాం అన్నాడు. సాయంత్రానికి వీళ్ళు వెళ్ళిపోతారు సార్ అన్నాను.

"ఉద్యోగం మీద ఆశ లేదా నీకు?"

"ఉంది సార్. అందుకే చెప్తున్నా. మీరు అమ్మాలనుకుంటున్న కోట ఆ మనుషులే. వాళ్ళను తీసేస్తే నాకు చూపించేదానికి ఏమీ లేదు. ఇదిగో మైకు, మీరే చెప్పండి."

ఆయన మైకు తీసుకున్నాడు. డ్రైవరన్నకు, బండిని షామియానా దాకా పోనీ అన్నాడు. డ్రైవరన్న ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని కిందికి దిగినాడు. "ఆ పెద్దమ్మ చేతి రొట్టె ఎన్నో ఆదివారాలు తిన్నా సార్. నా చెయ్యి రాదు." అంతే అన్నాడు. పోయి నా పక్కన రాతి మీద కూర్చున్నాడు.

ఏసీ ఆగిపోవడంతో ఏజెంట్లు ఒక్కొక్కరే దిగినారు. ఏమైందని అడిగితే మేనేజరు, బండికి చిన్న రిపేరు అన్నాడు. నేను లేచి నాకొచ్చిన హిందీలో ఉన్నదున్నట్టు చెప్పినాను. ఈ ఊరోళ్ళను మీ కంటికి కనపడొద్దన్నారు, ఎదురు చెప్పిన పెద్దమ్మ పొయ్యి పీకించినారు, ఆమె తన వాకిట్లోకి రాకుండా నేను కోట చూపించను అన్నాను. ఇద్దరు ముగ్గురికి చిరాకు వేసింది. ఇదేదో మీ లోపలి గొడవ, మాకెందుకు అని మేనేజరు వెంట షామియానా వైపు నడిచినారు. ఏజెంట్లలో మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటా నడిచే ఒకామె మాత్రం, ఆమె ఎక్కడుంది అని అడిగింది. ఇంకో ఇద్దరు ఆమెతో నిలబడినారు.

వాళ్ళను గోడ నీడకు తీసుకుపోయినాను. అంతలో మేనేజరు భయపడి హోటలు మనిషిని ఉరికించినాడు, ఆమెను వచ్చి వాకిట్లో కూర్చోమని చెప్పమని. పెద్దమ్మ వాడి మాట పూర్తిగా విని, వక్క పక్కకు ఊసి చెప్పింది.

"పొమ్మంటే పోయేదానికి, రమ్మంటే వచ్చేదానికి నేనేమన్నా మేకనా? పొమ్మన్నోడే వచ్చి పిలవాల."

మేనేజరు రాలేదు. పెద్దమ్మ ఆ పొద్దు పొయ్యి ముట్టించలేదు. నేను ఎంత చెప్పినా లోపలికి రాలేదు. వచ్చినవాళ్ళకు వెంట తెచ్చుకున్న కూజాలో నీళ్ళు మాత్రం పోసింది. ఆ మోకాళ్ళామె నేల మీద చతికిలబడి ఏవేవో అడిగితే, నేను మధ్యలో అటు తెలుగు, ఇటు హిందీ చెప్పినాను. పెండ్లయి ఈ కోటలోకి వచ్చిన కొత్తలో గాలి హోరుకు నిద్ర పట్టేది కాదని పెద్దమ్మ చెప్పింది. లోయలో పడిన మేకపిల్ల కోసం దిగి, మళ్ళీ ఎక్కలేక అత్త చేత తిట్లు తిన్నది చెప్పింది. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాము. ఆ ముగ్గురికీ నేను కోట లోపల ఒక్క రాయి కూడా చూపించలేదు. చెప్పిన మాట మీద నిలబడాల గదా.

మీరు ఇప్పుడు అనుకుంటుంటారు, ఆ ఏజెంట్లు పొగిడి ఉంటారు, మేనేజరు తల దించుకుని ఉంటాడు అని. అదేమీ లేదు. మరుసటి రోజు నన్ను బస్సు నుంచి తీసేసి ఫోన్ల బల్ల దగ్గర కూర్చోబెట్టినారు. డ్రైవరన్నను తిరుపతి బస్సుకు వేసినారు. ఆదివారం బస్సు నిలిపేసినారు. క్షమాపణ రాసిస్తే చూస్తామన్నారు. తప్పు చేసినోళ్ళు రాయాల, నేనెందుకు రాస్తాను అన్నాను. ఉద్యోగంలో నుంచి ఎందుకు తీసేయలేదంటే, అన్ని ఫోన్లు అంత తక్కువ జీతానికి ఎత్తే మనిషి వాళ్ళకు దొరకలేదు. నా ధైర్యానికి కంపెనీ పిసినారితనమూ తోడైంది.

ఇంట్లో మా ఆయన ఒక వారం నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దు అన్నం తింటా, ఆమె పొయ్యి మళ్ళీ పెట్టుకుందా అని అడిగినాడు. తెలియదన్నాను. ఆదివారం పోయి చూసొద్దాం పద అన్నాడు. పోయినాము. పెట్టుకుంది, కొడుకు కోసం, తన కోసం. మాకూ పెట్టింది. బస్సోళ్ళకు మాత్రం చేయనని ఖండితంగా చెప్పింది.

ఫోను బల్ల నాకు శిక్ష అనుకున్నారు. శ్రీశైలానికి అని ఫోను చేసిన ప్రతి మనిషికీ టికెట్టు రాసి, తర్వాత అడిగేదాన్ని: "మీకు ఇంకొక రోజు ఉందా?" ఉంది అన్నోళ్ళకు బెలూం లోపల నీళ్ళ చప్పుడు గురించి చెప్పేదాన్ని. పెన్నేరు మలుపు గురించి చెప్పేదాన్ని. మండే ఎండల్లో రిజర్వాయరు నీళ్ళు దిగిపోతే బయటపడే సంగమేశ్వరం గుడి గురించి చెప్పేదాన్ని. దాన్ని ఇదని, దీన్ని అదని ఎప్పుడూ పోల్చి చెప్పలేదు. మాకు బస్సు లేదు సార్, మీరే పోయి చూడండి అనేదాన్ని. కొన్నాళ్ళకు జనమే ఎదురు అడగడం మొదలుపెట్టినారు: మీరు ఎందుకు బస్సు వేయరు? అడిగిన వాళ్ళందరినీ, ఆ మాట మా మేనేజరుకు చెప్పండి అని లైను ఆయనకు కలిపేదాన్ని. పొద్దస్తమానం కలిపేదాన్ని. ఢిల్లీ నుంచి ఆ మోకాళ్ళామె కూడా చేసింది. గైడు అలిగి కూర్చున్న కంపెనీ మీదేనా, నా దగ్గర ఒక బృందం ఉంది, కోట ఊర్లో ఆ పెద్దమ్మ ఇంట్లో భోజనం చేయాలంటున్నారు అనింది. ఆ ఫోను కూడా కలిపినాను.

చివరికి మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి, నా మొహం చూడకుండా మైకు పెట్టినాడు. ఆదివారం నుంచి మళ్ళీ పోండి అన్నాడు. కాగితం చదవను సార్ అన్నాను. చదవొద్దులే అన్నాడు. డ్రైవరన్న కావాలన్నాను. సరే అన్నాడు. మరి పెద్దమ్మ అన్నాను. ఫోను మోగుతాంది చూడు అని తన గదిలోకి వెళ్ళిపోయినాడు.

బస్సు నడిచింది. పెద్దమ్మ మాట తప్పలేదు. జనం వాకిట్లోకి పోతే మంచినీళ్ళు ఇచ్చేది, మంచీ చెడ్డా మాట్లాడేది, రొట్టె మాత్రం లేదు. ఆమె చేయకపోతే చుట్టుపక్కల ఆడోళ్ళూ చేయలేదు. మా ప్రయాణికులు హోటలు పొట్లాలు విప్పుకుని తిని, ముందొచ్చినోళ్ళు ఫోన్లలో పెట్టింది ఇది కాదే అని గొణిగేవాళ్ళు. ఢిల్లీ బృందం వచ్చే రోజు దగ్గరపడింది. నేను పెద్దమ్మను బతిమాలలేదు. మేనేజరునూ బతిమాలలేదు.

బృందం రాకముందు ఆదివారం, మేము కోటకు చేరేసరికి వాకిలి దగ్గర మేనేజరు కారు ఉంది. ఆయన ఒక్కడే వచ్చినాడు. సందులో నడిచి పెద్దమ్మ ఇంటి ముందు నిలబడినాడు. ఆమె తన కోసం రొట్టె కొడుతూ ఉంది. తలెత్తలేదు.

"అమ్మా, మీరు మళ్ళీ ముందు మాదిరే పొయ్యి పెట్టుకోండి," అన్నాడు.

"ఎవురు చెప్తాండేది?"

"నేనే. మేనేజర్ని."

"ఆ పొద్దు పీకిచ్చినోడివి నువ్వేనా?"

ఆయన చుట్టూ చూసినాడు. నేనున్నాను, డ్రైవరన్న ఉన్నాడు, బస్సు జనం ఉన్నారు, తలుపుల దగ్గర ఊరి ఆడోళ్ళు ఉన్నారు. నేనే, నేను చేసింది తప్పు అన్నాడు. మెల్లగానే అన్నా అందరికీ వినపడింది.

పెద్దమ్మ పెనం మీద రొట్టె తిప్పింది. చేతి పిండి దులుపుకుని లేచి, లోపల నుంచి చాప తెచ్చి వాకిట్లో పరిచింది. చెప్పులు ఆడ ఇడిసి రా అనింది. ఆయన కొత్త చొక్కా, ఇస్త్రీ ప్యాంటు చూసుకుని, నాకు టైము లేదమ్మా, వెళ్ళాల అన్నాడు.

"మేం పోయేటప్పుడు మా టైము అడిగినావా?" అనింది పెద్దమ్మ. "కూర్చో. తిని పోదువు."

కూర్చున్నాడు. పెద్దమ్మ కంచంలో రొట్టె వేసి, ఊరుబిండి పక్కన పెట్టి, ఆయన తింటున్నంతసేపూ ఎదురుగానే కూర్చుంది. ఎదురింట్లో ఒకామె పొయ్యి ముట్టించింది. ఆ పక్కింట్లో ఇంకొకామె. సందంతా పొగ కమ్ముకుంటుంటే నేను మైకు పట్టుకుని మా జనాన్ని రమ్మని పిలిచినాను.